మాస్క్డ్ ఏఈఎస్ ఎస్-బాక్స్: స్టేబుల్ మోడ్ లో పాస్, ట్రాన్సియెంట్ లో ఫెయిల్.. ఫాల్స్ అలారమేనా?

లేట్‌నైట్_డీవీ:

అందరికీ నమస్తే. హైదరాబాద్ లో డీవీ (డిజైన్ వెరిఫికేషన్, చిప్ డిజైన్ లో తప్పులు వెతికే పని) ఇంజనీర్ ని. ఆరేళ్ళుగా ఫార్మల్ (టెస్టులతో కాకుండా గణితంతో ప్రూవ్ చేయడం) చేస్తున్నా కానీ అంతా ఫీఫో ఓవర్‌ఫ్లో, ఆర్బిటర్ డెడ్‌లాక్ టైపే, సెక్యూరిటీ వైపు రావడం ఇదే మొదటిసారి, కాబట్టి ప్రశ్న మరీ చిన్నపిల్లాడిలా ఉంటే తిట్టకండి.

మా బ్లాక్ ఒక ఏఈఎస్ (డేటాని కీ తో ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) ఇంజిన్. పవర్ ట్రేస్ (చిప్ ఎప్పుడెంత కరెంట్ లాగిందో చూపే గ్రాఫ్) చూసి కీ లాగేయకుండా ఫస్ట్ ఆర్డర్ మాస్కింగ్ పెట్టారు, అంటే ప్రతి సీక్రెట్ బిట్ ని రెండు షేర్లుగా విడగొట్టి (ఎ = ఎ0 ^ ఎ1, ^ అంటే ఎక్సార్, అందులో ఎ1 రాండమ్) మొత్తం లెక్కంతా షేర్ల మీదే చేస్తారు, ఏ ఒక్క వైరు చూసినా సీక్రెట్ గురించి ఏమీ తెలియకూడదు అని ఐడియా. ఎస్-బాక్స్ (ఏఈఎస్ లో ప్రతి బైట్ ని ఇంకో బైట్ గా మార్చే భాగం) లో గుణకారాలకి డామ్ (డొమైన్ ఓరియెంటెడ్ మాస్కింగ్) స్టైల్ వాడారు. అయితే లేటెన్సీ ఎక్కువైందని ఆర్కిటెక్ట్ చెప్పడంతో డిజైన్ వాళ్ళు ఆ యాండ్ గాడ్జెట్ (షేర్ల మీద యాండ్ చేసే చిన్న సర్క్యూట్) లోపల ఉన్న రిజిస్టర్ ని (విలువని క్లాక్ ఎడ్జ్ దాకా ఆపి ఉంచేది) తీసేశారు, "ఫంక్షన్ మారదు కదా" అని. నిజమే, మారలేదు, మా రిగ్రెషన్ మొత్తం గ్రీన్.

ఇప్పుడు మేనేజర్ ఫార్మల్ గా సైన్-ఆఫ్ ఇవ్వమంటున్నాడు. ఓపెన్ సోర్స్ లో కోకో-అల్మా అని మాస్కింగ్ లో లీక్ లు వెతికే టూల్ ఉంటే దింపుకున్నా, యోసిస్ (కోడ్ ని గేట్లు, వైర్ల జాబితాగా మార్చే సింథసిస్ టూల్) తో నెట్‌లిస్ట్ చేసి, లేబుల్ ఫైల్ లో షేర్లు ఏవో రాండమ్ లు ఏవో రాసి, వెరిలేటర్ (సిమ్యులేటర్) ట్రేస్ ఇచ్చి రన్ చేశా. స్టేబుల్ మోడ్ లో క్లీన్ గా పాస్. ట్రాన్సియెంట్ మోడ్ పెట్టగానే ఫెయిల్, ఒక ఎక్సార్ గేట్ పేరు చెప్పి ఇక్కడ లీక్ అంటోంది. ట్రాన్సియెంట్ అంటే గ్లిచ్ లు (సెటిల్ అయ్యేలోపు వైరు మీద కాసేపు కనపడే విలువలు) కూడా లెక్కలోకి తీసుకుంటుందట. నా డౌట్ ఏంటంటే మా టైమింగ్ క్లీన్, సెటప్ వయొలేషన్ ఒక్కటి కూడా లేదు, క్లాక్ ఎడ్జ్ వచ్చేసరికి అన్నీ సెటిల్ అయిపోతాయి. మరి మధ్యలో వచ్చే గ్లిచ్ తో ఎవరికేం పని? ఇది టూల్ అతి జాగ్రత్త అనుకుని వేవర్ (ఈ ఫెయిల్ ని వదిలేయొచ్చు అనే నోట్) రాసేయొచ్చా?


గోదారి_గేట్స్:

వేవర్ రాయొద్దు. దయచేసి. ఇది ఫాల్స్ అలారం కాదు, ఈ ఫీల్డ్ లో అందరూ మొట్టమొదట తిన్న దెబ్బే ఇది.

నీ గాడ్జెట్ కాగితం మీద వేసుకో. డామ్ లో ఒక అవుట్‌పుట్ షేర్ ఇలా ఉంటుంది: క్యూ0 = (ఎ0 & బి0) ^ రిజిస్టర్[(ఎ0 & బి1) ^ జెడ్]. జెడ్ అంటే ప్రతి సైకిల్ కి కొత్తగా వచ్చే రాండమ్ బిట్. ఇప్పుడు మీవాళ్ళు ఆ రిజిస్టర్ తీసేశారు కదా. అన్నీ సెటిల్ అయ్యాక విలువ అదే, జెడ్ కలిసి ఉంది కాబట్టి చూడ్డానికి పూర్తి రాండమ్, అందుకే స్టేబుల్ లో పాస్ అయింది. కానీ జెడ్ వైరు కాస్త దూరం నుంచి వస్తుందనుకో, ఆలస్యంగా వచ్చింది, ఆ కొన్ని పికోసెకన్లు ఆ ఎక్సార్ గేట్ అవుట్‌పుట్ ఎంత? (ఎ0 & బి0) ^ (ఎ0 & బి1). కామన్ తీస్తే ఎ0 & (బి0 ^ బి1). అంటే ఎ0 & బి. బి అంటే సీక్రెట్!

బి సున్నా అయితే ఆ క్షణంలో ఆ గేట్ ఎప్పుడూ సున్నాయే. బి ఒకటి అయితే ఎ0 ఎంతో అంత, అంటే సగం సార్లు ఒకటి. సీమాస్ గేట్ మారిన ప్రతిసారీ కరెంట్ లాగుతుంది, అది పనికొచ్చే మార్పా పనికిరాని మార్పా అని దానికి తెలీదు. లక్ష ట్రేస్ లు తీసి సగటు వేస్తే బి సున్నా ఉన్న గుంపు, బి ఒకటి ఉన్న గుంపు వేర్వేరుగా కనిపిస్తాయి, ఇంకేముంది, 1999 లో కోచర్, జాఫ్, జన్ చెప్పిన డిఫరెన్షియల్ పవర్ ఎనాలసిస్ అదే కదా, మాస్కింగ్ పెట్టింది దాన్ని ఆపడానికే.

ఇదేదో థియరీ అనుకోకు. 2003 లో ఇషాయ్, సహాయ్, వాగ్నర్ మాస్కింగ్ కి చక్కటి ప్రూఫ్ ఇచ్చారు, వైర్ల మీద ఒక సంఖ్య (డి) దాకా ప్రోబ్ లు పెట్టి చూసినా ఏమీ తెలీదు అని. దాంట్లో గ్లిచ్ అనే మాటే లేదు. 2005 కల్లా మంగార్డ్ వాళ్ళు మాస్క్ చేసిన ఏఈఎస్ చిప్ లనే గ్లిచ్ ల వల్ల పగలగొట్టి చూపించారు. ఆ తర్వాతే 2006 లో నికోవా, రెష్‌బెర్గర్, రైమెన్ ల థ్రెషోల్డ్ ఇంప్లిమెంటేషన్ వచ్చింది, గ్లిచ్ వచ్చినా సరే ఏ ఒక్క ఫంక్షన్ చేతికీ అన్ని షేర్లూ అందకూడదు అనే రూల్ తో. డామ్ 2016 ది. అందులో ఆ రిజిస్టర్ ఉన్నదే గ్లిచ్ ని అక్కడే ఆపడానికి, అది పైప్‌లైన్ కోసం పెట్టింది కాదు. గోడలో ఇటుక పీకేసి "ఇల్లు నిలబడే ఉంది కదా" అన్నట్టుంది మీ డిజైన్ వాళ్ళ మాట :)


కరీంనగర్_కాక:

అక్క మంచిగ చెప్పింది. నేను సింథసిస్ సైడ్ నుంచి ఒక్కటి కలుపుత.

తమ్మీ, నువ్వు టైమింగ్ క్లీన్ ఉంది అంటున్నవ్ గద, టైమింగ్ టూల్ కి కావాల్సింది ఆన్సర్ షీట్ ల చివరి జవాబు. గంట కొట్టేటాల్లకు జవాబు కరెక్ట్ ఉందా లేదా, అంతే. కీ కొట్టేద్దామని స్కోప్ (కరెంట్ చూసే మెషిన్) పట్టుకుని కూసున్నోడు రఫ్ పేపర్ చూస్తడు. నువ్వు కొట్టేసిన లెక్కలన్నీ గండ్లనే ఉంటయ్.

ఇంకో డేంజర్ చెప్త. నువ్వు యోసిస్ తోటి చేసిన నెట్‌లిస్ట్ మీద చెక్ చేసినవ్. టేప్అవుట్ కి (చిప్ తయారీకి) పోయేది అదేనా? కాదు గద. నీ ప్రొడక్షన్ సింథసిస్ టూల్ కి ఏరియా తగ్గించుడు ఒక్కటే పని, రిజిస్టర్ అడ్డం లేదంటే అది (ఎ0 & బి0) ^ (ఎ0 & బి1) చూసి "అరె ఒక యాండ్ గేట్ మిగులుతది" అని మంచిగ ఎ0 & (బి0 ^ బి1) చేసి పెడ్తది. గప్పుడు గ్లిచ్ కూడా అవసరం లేదు, బి0 ^ బి1 అని ఒక వైరే తయారైతది, సీక్రెట్ బరిబాత నిలబడి ఉంటది. ఎల్ఈసీ (రెండు సర్క్యూట్ల లాజిక్ ఒక్కటేనా అని చూసే చెక్) పెట్టి చూడు, పాస్ అయితది! బూలియన్ గ రెండూ ఒక్కటే కాబట్టి. మస్తు మందికి ఇది తెల్వక ఈక్వివలెన్స్ పాస్ అయింది గద అని ఊకుంటరు.

ఒకసారి గేట్ నెట్‌లిస్ట్ తెరిచి జర చూడు.


లేట్‌నైట్_డీవీ:

కాకా... చూశా. ఉంది. నిజంగానే ఉంది. ఫ్లాటెన్ చేసిన నెట్‌లిస్ట్ లో బి0 బి1 రెండూ వెళ్ళే ఒక ఎక్సార్ సెల్ దొరికింది, దాని అవుట్‌పుట్ నేరుగా యాండ్ లోకి. ఒకటి కాదు, ఆ ఎస్-బాక్స్ లో చాలా చోట్ల. అదే నెట్‌లిస్ట్ అల్మాకి ఇస్తే ఇప్పుడు స్టేబుల్ లో కూడా ఫెయిల్. ఎల్ఈసీ రిపోర్ట్ మాత్రం పచ్చగా మెరుస్తోంది. నిన్నటిదాకా నేను వేవర్ డ్రాఫ్ట్ రాసుకుంటున్నా అంటే నాకే సిగ్గుగా ఉంది.

సరే, రిజిస్టర్ వెనక్కి పెట్టిస్తా, గాడ్జెట్ హైరార్కీ మీద డోంట్-టచ్ (టూల్ దీన్ని మార్చకూడదు అనే ఆర్డర్) పెట్టిస్తా, రీటైమింగ్ (టూల్ రిజిస్టర్లని జరపడం) ఆఫ్. ఇంకో రెండు డౌట్లు. ఒకటి, మా దగ్గర జాస్పర్ (ఫార్మల్ టూల్) లైసెన్స్ ఉంది, అందులో సెక్యూరిటీ పాత్ వెరిఫికేషన్ యాప్ ఉంది, కీ నుంచి బయటికి పాత్ లేదు అని అది ప్రూవ్ చేస్తుంది, మేనేజర్ "అదే రన్ చేసి స్లైడ్ లో పెట్టు చాలు" అంటున్నాడు, అది దీనికి సరిపోతుందా? రెండు, ఎస్-బాక్స్ ఒక్కటే కాకుండా మొత్తం ఏఈఎస్ పది రౌండ్లు ఒకేసారి ప్రూవ్ చేయడం అయ్యే పనేనా?


పాత_ఫార్మల్:

జాస్పర్ ప్రశ్నకి నేను చెప్తాను, ఆ టూల్స్ తోనే జుట్టు నెరిసింది.

ఆ యాప్ చెప్పేది సమాచారం ఒక చోట నుంచి ఇంకో చోటికి పారుతుందా లేదా అని. కీ రిజిస్టర్ ని డీబగ్ బస్ నుంచి చదవగలరా, కీ కాపీ ఏదైనా స్కాన్ (చిప్ టెస్ట్ కోసం పెట్టే దారి) వైపు వెళ్తోందా, అలాంటివాటికి బంగారం. కానీ పవర్ గురించి దానికి ఏమీ తెలీదు బాబూ. పైగా మాస్క్ చేసిన సర్క్యూట్ లో ప్రతి షేరూ కీ నుంచే పుట్టింది కాబట్టి టెయింట్ (కీ తగిలిన ప్రతిదానికీ మరక అనే) లెక్కన చూస్తే వైర్లన్నీ కలుషితమే, కీ తో కలిసిన ఎ0 కి, కీ తో కలిసి రాండమ్ తో మాస్క్ అయిన ఎ0 కి తేడా ఆ లెక్కలో ఉండదు. మాస్కింగ్ లో ప్రశ్న "కీ ఈ వైరు దాకా వచ్చిందా" కాదు, "ఈ వైరు విలువ ఎన్నిసార్లు ఒకటి, ఎన్నిసార్లు సున్నా అనేది కీ ని బట్టి మారుతుందా" అని. అది ప్రాబబిలిటీ ప్రశ్న, మామూలు మోడల్ చెకర్ భాష కాదు. అందుకే దానికి వేరే టూల్స్ పుట్టాయి.

అలాగని జాస్పర్ ని మూల పడేయొద్దు, టైమింగ్ కి వాడు. డిజైన్ ని రెండు కాపీలు పక్కపక్కన పెట్టు, ఇన్‌పుట్లు, కంట్రోల్ అన్నీ ఒకటే, కీ లు మాత్రం వేరు వేరు, వాటి మీద ఏ కండిషనూ పెట్టకు. "డన్" సిగ్నల్ రెండిట్లో ఎప్పుడూ ఒకే సైకిల్ లో లేస్తుంది అని ఒక అసర్షన్ (ఎప్పుడూ నిజం కావాల్సిన షరతు). లోపలి స్టేట్ మెషిన్ కి కూడా అదే పెట్టు. సెల్ఫ్ కంపోజిషన్ అంటారు దీన్ని. ఏఈఎస్ లో ఇది కొన్ని నిమిషాల్లో ప్రూవ్ అయిపోతుంది, ఎందుకంటే కంట్రోల్ లో కీ ఉండదు. ఎలిప్టిక్ కర్వ్ (డిజిటల్ సంతకాల్లాంటివాటికి వాడే ఇంకో రకం క్రిప్టో) బ్లాకుల్లో మాత్రం అసలు పండగ.

దీనికి ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తా. 2024 లో నింజాలాబ్ వాళ్ళు యూక్లీక్ అని ఒక అటాక్ బయటపెట్టారు గుర్తుందా, యూబీకీ 5 (లాగిన్ కి వాడే సెక్యూరిటీ కీ) మీద చేసి చూపించింది. తప్పు ఇన్ఫినియన్ (దాంట్లో చిప్ తయారుచేసే కంపెనీ) లైబ్రరీలో, ఈసీడీఎస్ఏ (ఎలిప్టిక్ కర్వ్) సంతకం చేసేటప్పుడు వచ్చే మాడ్యులర్ ఇన్వర్షన్ కాన్‌స్టెంట్ టైమ్ కాదు. ఎక్స్‌టెండెడ్ యూక్లిడ్ అల్గారిథమ్ ఎన్ని స్టెప్పులు తిరుగుతుంది అనేది లోపలి నంబర్ ని బట్టి మారుతుంది, చిప్ పక్కన ప్రోబ్ పెట్టి విద్యుదయస్కాంత సిగ్నల్ లో అది చదివారు. అది 14 ఏళ్ళు ఎవరి కంటా పడలేదు, దాదాపు 80 కామన్ క్రైటీరియా (సెక్యూరిటీ సర్టిఫికేషన్) ఎవాల్యుయేషన్లు దాటుకుంటూ వచ్చింది. అన్ని ల్యాబులు, అన్ని స్కోపులు! నేను చెప్పిన రెండు కాపీల అసర్షన్ లాంటిది ఆ ఇన్వర్షన్ కోడ్ మీద పెట్టి ఉంటే కౌంటర్ ఎగ్జాంపుల్ టీ తాగి వచ్చేలోపు పడేది, ఆ అల్గారిథమ్ లూప్ ని చూస్తేనే తెలిసిపోతుంది.


గోడమీద_పిల్లి:

పెద్దాయన చెప్పింది బాగుంది కానీ నాకు ఈ ప్రూఫ్ ల మీద అంత నమ్మకం లేదు. మేం ల్యాబ్ లో ఎఫ్‌పీజీఏ (కావాల్సిన సర్క్యూట్ గా మార్చుకోగల చిప్) మీద పవర్ కొలుస్తాం, చిప్‌విస్పరర్ అనే కొలిచే బోర్డు, ఫిక్స్డ్ వర్సెస్ రాండమ్ టీ-టెస్ట్ (ఒకే ఇన్‌పుట్ ట్రేస్ లకీ రాండమ్ ఇన్‌పుట్ ట్రేస్ లకీ తేడా ఉందా అనే లెక్క), గీత 4.5 దాటితే లీక్ అని రాస్తాం. పేపర్ మీద ప్రూవ్ అయిన డిజైన్లు మా బోర్డు మీద గీత దాటడం నా కళ్ళతో చూశా. పక్కపక్క వైర్ల మధ్య కప్లింగ్, పవర్ గ్రిడ్ లో డ్రాప్, ఇవేవీ మీ మోడల్ లో లేవు. పాత విలువ పోయి కొత్త విలువ వచ్చేటప్పుడు రిజిస్టర్ లో ఏమవుతుంది? ఎ0 ఉన్న ఫ్లాప్ లోకి తర్వాతి సైకిల్ లో ఎ1 వస్తే మారిన బిట్ ఎంత, ఎ0 ^ ఎ1, అంటే ఎ. ఇద్దరూ ఒకే వైరు మీద ఒకేసారి లేరు, అయినా సీక్రెట్ బయటపడింది. కొలిస్తే గానీ తెలీదు బాసూ.


గోదారి_గేట్స్:

పిల్లి గారూ, సగం ఒప్పుకుంటా. కప్లింగ్ నిజమే, ఈ టూల్స్ కి లేఅవుట్ కనపడదు. కానీ ఆ రిజిస్టర్ మార్పు మాత్రం మోడల్ లో ఉంది అండీ, ట్రాన్సిషన్ అంటారు, 2018 లో ఫాస్ట్, స్టాండార్ట్ వాళ్ళ రోబస్ట్ ప్రోబింగ్ మోడల్ లో గ్లిచ్, ట్రాన్సిషన్, కప్లింగ్ మూడిటికీ చోటు ఇచ్చారు. మొదటి రెండు టూల్స్ లోకి వచ్చాయి. గ్రాజ్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్ళు 2021 లో కోకో (అల్మా వచ్చింది దీన్నుంచే) తో ఐబెక్స్ ప్రాసెసర్ మొత్తాన్ని చెక్ చేసినప్పుడు దొరికిందే ఈ రకం, మీరు ఒక రిజిస్టర్ చదువుతుంటే రిజిస్టర్ ఫైల్ మక్స్ (ఏ రిజిస్టర్ కావాలో ఎంచే సర్క్యూట్) లో గ్లిచ్ వల్ల పక్క రిజిస్టర్ లోని షేర్ కూడా తొంగి చూస్తుంది, సాఫ్ట్‌వేర్ రాసినవాడి తప్పు ఇసుమంత లేదు. వాళ్ళు రిజిస్టర్ ఫైల్ కి గేటింగ్ పెట్టి సరిచేశారు. మీ టీ-టెస్ట్ అయితే లీక్ ఉందని చెప్తుంది, ఏ గేటో చెప్పదు. మీ టీ-టెస్ట్ దాటకపోయినా ఇంకో పది రెట్లు ట్రేస్ లు తీస్తే దాటుతుందేమో చెప్పలేదు. నా ఉద్దేశంలో రెండూ ఉండాల్సిందే, ఆ వరసలోనే, ముందు ప్రూఫ్ తర్వాత బోర్డు, లేకపోతే బోర్డు మీద కనపడ్డ లీక్ ఎక్కడిదో వెతకడానికే మూడు నెలలు పోతాయి (నాకు పోయాయి).

లేట్‌నైట్, నీ రెండో ప్రశ్న. పది రౌండ్లూ ఒకేసారి అంటే మర్చిపో. సిల్వర్ అని ఒక టూల్ 2020 లో వచ్చింది, అది బీడీడీలతో (లాజిక్ మొత్తాన్ని పరిచే డయాగ్రమ్ లు) ఖచ్చితంగా లెక్కేస్తుంది, అబద్ధపు అలారం ఉండదు, కానీ సర్క్యూట్ పెద్దదైతే బీడీడీ ఉబ్బిపోయి చతికిలబడుతుంది. నువ్వు వాడిన అల్మా, దాని పూర్వీకురాలు రెబెకా, ఇవి ఫోరియర్ కోఎఫిషియంట్లలో (ఏ గేట్ కి ఏ ఇన్‌పుట్లతో సంబంధం ఉందో చెప్పే సంఖ్యలు) ఏవి సున్నా కాకపోవచ్చో అంచనా వేసుకుని సాట్ సాల్వర్ (షరతులన్నీ కుదిరే విలువలు వెతికే ప్రోగ్రామ్) కి ఇస్తాయి, అంచనా కాబట్టి అప్పుడప్పుడు లేని లీక్ ఉందనొచ్చు, కానీ వాటి మోడల్ లోపల ఉన్న లీక్ లేదనవు. నీ ఫెయిల్ నిజమని చేత్తో లెక్క వేసి చూపించింది అందుకే, ప్రతి ఫెయిల్ కీ ఆ పని చేయి, అలవాటవుతుంది.

పెద్ద డిజైన్ కి దారి కంపోజిషన్. చిన్న గాడ్జెట్ ని టూల్ తో ప్రూవ్ చేసి, వాటిని కలిపితే కూడా భద్రమే అని ఒక సిద్ధాంతం తో చెప్పడం. ఇక్కడ ఒట్టి "ప్రోబింగ్ సెక్యూర్" అన్న ముద్ర సరిపోదు, రెండు మంచి గాడ్జెట్లు కలిస్తే చెడ్డది అవ్వొచ్చు. 2013 లో కోరాన్, ప్రూఫ్, రివాన్, రోష్ లు చూపించింది అదే, అప్పటికి మూడేళ్ళ ముందు వచ్చిన ఒక మాస్క్డ్ ఏఈఎస్ స్కీమ్ లో రిఫ్రెష్ (షేర్లని కొత్త రాండమ్ తో మళ్ళీ కలపడం), గుణకారం విడివిడిగా బాగానే ఉన్నాయి, జత కలిపిన చోట హయ్యర్ ఆర్డర్ లో (ఒకటి కంటే ఎక్కువ ప్రోబ్ లు పెడితే) లీక్. ఇప్పుడు పినీ అనే నిర్వచనం వాడుతున్నారు, పినీ గాడ్జెట్లని ఎలా కలిపినా పినీయే, హెచ్‌పీసీ2 అనే గాడ్జెట్ అలాంటిది. డామ్ మాత్రం అలా కాదు, దాని రెండు ఇన్‌పుట్ల షేర్లూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అయ్యుండాలి. అదే ఎ ని రెండు వైపులా ఇచ్చావనుకో, లోపల ఎ0 & ఎ1 అని గేట్ వచ్చేస్తుంది, ఎ ఒకటైతే అది ఎప్పుడూ సున్నా, అయిపోయింది కథ.

చదవడానికి ఒక మంచి ఉదాహరణ కావాలంటే ఓపెన్ సోర్స్ సెక్యూరిటీ చిప్ ప్రాజెక్ట్ ఓపెన్‌టైటన్ రిపో తెరువు, అందులో ఏఈఎస్ డామ్ ఎస్-బాక్స్ తో ఉంది, అల్మా తో చెక్ చేసే స్క్రిప్టులు కూడా అక్కడే పెట్టారు. ఆ ఎస్-బాక్స్ కి ఐదు క్లాకులు పడుతుంది. మీ ఆర్కిటెక్ట్ కి చూపించు, లేటెన్సీ గొడవ తగ్గుతుంది.


లేట్‌నైట్_డీవీ:

అక్కా, కాకా, పెద్దాయన గారూ, పిల్లి బ్రో, అందరికీ దండం. అప్‌డేట్: రిజిస్టర్ వెనక్కి వచ్చింది, డోంట్-టచ్ పెట్టించాం, గేట్ నెట్‌లిస్ట్ మీద ట్రాన్సియెంట్ మోడ్ లో ఎస్-బాక్స్ పాస్. ఆర్కిటెక్ట్ మొహం మాడ్చుకున్నాడు కానీ ఒప్పుకున్నాడు. "డన్" అసర్షన్ కూడా ప్రూవ్ అయింది, పెద్దాయన చెప్పినట్టే నిమిషాల్లో. ఇక సైన్-ఆఫ్ స్లైడ్ రాస్తున్నా, "ఫస్ట్ ఆర్డర్ సెక్యూర్, ఫార్మల్ గా ప్రూవ్డ్" అని. ఇంకేమైనా మర్చిపోయానా?


కరీంనగర్_కాక:

స్లైడ్ ల ఎస్-బాక్స్ అని రాయి, ఏఈఎస్ అని రాయకు. ఇంకోటి తమ్మీ, లేబుల్ ఫైల్ ల జెడ్ లను రాండమ్ అని పెట్టినవ్ గద. టూల్ నీ మాట నమ్మింది. అసలు డిజైన్ ల ఆ జెడ్ లు ఏడికెల్లి వస్తున్నయ్? పదహారు ఎస్-బాక్సులకు పదహారు వేరే వేరే వస్తున్నయా, లేకుంటే ఏరియా కోసం ఒకటే ఎల్ఎఫ్ఎస్ఆర్ (రాండమ్ లాంటి బిట్లు పుట్టించే సర్క్యూట్) అవుట్‌పుట్ అందరికీ పంచిన్రా? రెండు బాక్సులకు ఒకటే జెడ్ పోతే, మిక్స్ కాలమ్స్ ల (ఎస్-బాక్స్ తర్వాత బైట్లను కలిపే స్టెప్) ఆ రెండు బైట్లు ఎక్సార్ అయ్యే కాడ జెడ్ జెడ్ కొట్టుకుపోతది. మాస్క్ గాయబ్. నీ ఎస్-బాక్స్ ప్రూఫ్ కి అది కనవడది.


లేట్‌నైట్_డీవీ:

టాప్ లెవెల్ ఇప్పుడే తెరిచా.

జెడ్ లకి ఒకటే బస్, నాలుగు బాక్సులకీ అదే ఫ్యాన్అవుట్.

స్లైడ్ మూసేస్తున్నా, రేపు డిజైన్ వాళ్ళతో మీటింగ్ పెడతా, ఆర్కిటెక్ట్ ని కూడా పిలవాలా వద్దా ఆలోచిస్తున్నా...